జపాన్ బేస్‌బాల్ ఆటగాడు కోచ్ అయిన కథను తెలుగులో రాయడం ఎలా

చెన్నై నుంచి సూళ్లూరుపేట వెళ్లే లోకల్ రైలులో తడ దాకా రోజూ వెళ్లి, శ్రీసిటీలోని ఒక జపనీస్ కర్మాగారంలో దుబాసీ పని చేసేవాడికి బేస్‌బాల్ కబుర్లు తప్పవు. మధ్యాహ్న భోజనాల దగ్గర జపాన్ వాళ్లు నలుగురు చేరితే మాట యంత్రాల మీద మొదలైనా చివరికి యక్యూ మీదికే మళ్లుతుంది. తమ ఆటను వాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ కబుర్లు విని విని, అక్కడి ఆటగాళ్ల జీవితాలను క్రికెట్ తప్ప మరో బ్యాటు ఆట ఎరుగని తెలుగువారికి చెప్పాలని నేను రాయడం మొదలుపెట్టాను. మొదట్లో చాలా తప్పులు చేశాను. అలాంటి జీవితాన్ని, అందులోనూ ఆట విరమించి కోచ్‌గా మారినవారి జీవితాన్ని, తెలుగులో రాయబూనుకునేవారికి ఆ తప్పులు మళ్లీ ఎదురు కాకూడదని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ఉదాహరణకు ఎవరినైనా తీసుకోవచ్చు గానీ, నేను అరకావా హిరోషిని ఎంచుకుంటాను. ఆయన 1953 నుంచి 1961 వరకు తొమ్మిది సీజన్లు వృత్తి ఆటగాడిగా ఆడి, మొత్తం మీద ఇరవై హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కూడా కొట్టలేదు. ఆయన తీర్చిదిద్దిన శిష్యుడు 868 కొట్టాడు. ఆటగాడిగా వదిలిన అంకెలకూ కోచ్‌గా చేసిన పనికీ ఇంత దూరం ఉన్న మనిషి దొరికితే, రాసేవాడు అంకెల దగ్గరే ఆగిపోకుండా మనిషి చేసిన పనిని వెతుక్కోక తప్పదు.

పేరు, జట్టు, సంవత్సరం

పేరు విషయంలో తెలుగువారికి ఇంగ్లీషువారికి లేని సౌకర్యం ఒకటి ఉంది. జపాన్‌లో కూడా ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తాయి కనుక, అరకావా హిరోషి అని రాస్తే మన పాఠకుడికి ఎక్కడా తడబాటు ఉండదు. ఇంగ్లీషు పుటలలో తిరగేసి ఉన్న పేరును మళ్లీ తిరగేసుకోవడం మాత్రం మరచిపోకూడదు. దీర్ఘాలను జపనీస్ లిపిలో చూసి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాలలో అవి చాలాసార్లు రాలిపోతాయి. ఇక అరకావా శిష్యుడి ఇంటిపేరు తెలుగులో పెట్టే చిక్కు మరెక్కడా రాదనుకుంటాను. ఆ పేరు ఒకే ఒక్క దీర్ఘాక్షరం, "ఓ". "సదహరు ఓ గొప్ప బ్యాటర్" అని రాస్తే అది ఇంటిపేరో, "ఒక" అనే మాటకు బదులు వచ్చిన ఓకారమో తెలియదు. "ఓ సదహరు" అని రాస్తే పిలుస్తున్నట్లు ఉంటుంది. అందుకని నేను "ఓహ్ సదహరు" అని హకారపు పొల్లు చేర్చి రాస్తాను. ఆ పేరుకు వాడే అక్షరానికి అర్థం రాజు. ఆయన తొలి ఏడాది 72 సార్లు స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లు పడి అవుట్) అయినప్పుడు ప్రేక్షకులు ఆ అర్థాన్నే పట్టుకుని స్ట్రయికౌట్ల రాజని గేలి చేశారు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ ఎగతాళి తెలుగులో అందదు.

జట్టు పేరును ఆ ఏడాది ఎలా ఉండేదో అలాగే రాయాలి. జపాన్ జట్లకు ఊరి పేరు కన్నా యజమాని కంపెనీ పేరు ముఖ్యం. యొమియురి ఒక పత్రిక, హన్‌షిన్ ఒక రైలు సంస్థ, యాకుల్ట్ మన అంగళ్లలోనూ చిన్న సీసాల్లో దొరికే పాల పానీయం. యజమాని మారితే పేరు మారుతుంది. అరకావా చేరినప్పుడు మైనిచి ఓరియన్స్‌గా ఉన్న జట్టు, ఆయన విరమించే నాటికి మరో జట్టుతో కలిసి దైమై ఓరియన్స్ అయింది. అదే ఈనాటి చిబా లోట్టే మరీన్స్. ఆయన 1953లో లోట్టేలో చేరాడని రాస్తే అది చరిత్రకు విరుద్ధం. "నేటి చిబా లోట్టే మరీన్స్‌కు పూర్వరూపమైన మైనిచి ఓరియన్స్" అని ఒక్కసారి చెప్పి, ఆ తరువాత పాత పేరుతోనే కథ నడపడం మంచిది.

పాత జపనీస్ వ్యాసాలలో సంవత్సరాలు చక్రవర్తుల శకాలలో ఉంటాయి. షోవా సంఖ్యకు 1925, హెయ్‌సెయ్ సంఖ్యకు 1988, రేయివా సంఖ్యకు 2018 కలిపితే మన లెక్క వస్తుంది. షోవా 37 అంటే 1962. మరొక జాగ్రత్త కూడా అవసరం. ఒప్పందం శరదృతువులో జరుగుతుంది, ఆట మరుసటి వసంతంలో మొదలవుతుంది. ఓహ్ 1958లో యొమియురి జెయింట్స్‌తో ఒప్పందం చేసుకుని 1959లో మైదానంలోకి దిగాడు. "చేరాడు" అనే మాటకు ఈ రెండింటిలో ఏది అర్థమో తేల్చుకోకపోతే ఒక ఏడాది తేడా కథ పొడవునా వెంటాడుతుంది. అన్నట్టు, ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్ పద్ధతి 1965లోగానీ మొదలు కాలేదు కనుక, అంతకు ముందు తరం వారికి ఫలానా వరుసలో ఎంపికయ్యారని రాయకూడదు.

అంకెలను చదివే తీరు

తెలుగు పాఠకుడు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఓహ్ 1962 సగటు 0.272 అని రాసి వదిలేస్తే, చెపాక్ గ్యాలరీలో కూర్చుని క్రికెట్ చూసిన మనిషి ఆయన సగటున ఒక్క పరుగు కూడా చేయలేదా అనుకుంటాడు. బేస్‌బాల్ సగటు పరుగుల లెక్క కాదు. బ్యాటు పట్టి నిలిచిన అవకాశాలలో ఎన్నిటికి హిట్ వచ్చిందన్న, అంటే బంతిని కొట్టి కనీసం మొదటి బేస్ చేరాడన్న, నిష్పత్తి. ఆ ఏడాది ఆయన 497 అట్-బ్యాట్లలో 135 హిట్లు కొట్టాడు, అంటే నూటికి 27 పైచిలుకు. జపాన్‌వారు దీనిని "ని-వారి, నానా-బు, ని-రిన్" అని చదువుతారు. వారి అంటే పదో వంతు, బు అంటే నూరో వంతు, రిన్ అంటే వెయ్యో వంతు. మన పెద్దలు వీసమనీ పరక అనీ భిన్నాలకు పేర్లు పెట్టి పలికినట్లే ఇదీను. మూడు వారులు, అంటే నూటికి 30, దాటితే మంచి బ్యాటరని పేరు వస్తుంది. పది సార్లలో ఏడు సార్లు విఫలమైనవాడు గొప్పవాడు అవుతాడన్న ఈ సంగతిని వ్యాసం మొదట్లోనే చెప్పి పెట్టుకుంటే, తరువాత వచ్చే ప్రతి అంకె తనంతట తానే అర్థమవుతుంది.

అట్-బ్యాట్ అంటే క్రీజులోకి వచ్చిన ప్రతిసారీ కాదు. నాలుగు చెడ్డ బంతులకు నడిచి మొదటి బేస్ చేరితే అది ఈ లెక్కలోకి రాదు, తోటివాడిని ముందుకు పంపడానికి బంతిని బ్యాటుకు మెల్లగా తాకించి తాను అవుటయ్యే త్యాగపు బంట్ కూడా రాదు. జపనీస్ పట్టికలలో ఈ రెండు లెక్కలకూ పక్కపక్కనే రెండు వరుసలు ఉంటాయి, "దసెకి" అంటే మొత్తం రాకలు, "దసూ" అంటే అట్-బ్యాట్లు. పేర్లు ఒకేలా ఉండటం వల్ల ఒక వరుసకు బదులు మరొకటి ఎత్తి రాయడం చాలా సులువు. సగటును స్వయంగా భాగించి చూసుకుంటే తప్పు వెంటనే బయటపడుతుంది: 1959లో ఓహ్‌కు 193 అట్-బ్యాట్లలో 31 హిట్లు ఉన్నాయి, భాగిస్తే 0.161 వస్తుంది, పట్టికలోనూ అంతే ఉంది. కాగితం మీద ఈ చిన్న భాగహారం చేయకుండా నేను ఏ అంకెనూ తెలుగులోకి తేను.

పిచర్ల, అంటే బంతి విసిరేవారి, విషయం వేరే వ్యాసమంత ఉంటుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క తక్కువగా ఉంటే మేలని చెబితే ప్రస్తుతానికి చాలు. క్రికెట్‌లో ఇన్నింగ్స్ అనే మాటకు ఉన్న పెద్ద అర్థం ఇక్కడ పనికిరాదని మాత్రం ఒక వాక్యంలో హెచ్చరించాలి.

కోచ్ వేరు, కంతోకు వేరు

నేను సిగ్గుపడ్డ తప్పు ఇది. చెన్నైలోని ఒక తెలుగు సంఘం వార్షిక సంచికకు ఓహ్ గురించి రాస్తూ, "అరకావా కోచ్‌గా జెయింట్స్ జట్టును నడిపించాడు" అని రాశాను. అచ్చయిన సంచికను సంతోషంగా మా కర్మాగారంలోని పెద్ద వయసు ఇంజనీరు గారికి చూపించి, ఆ వాక్యాన్ని జపనీస్‌లో చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, కాసేపు నా ముఖం చూసి, "కోచ్ నడిపించడు. నడిపించింది కవకామి కంతోకు" అని మాత్రం అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు, అనవలసిన అవసరమూ లేదు.

క్రికెట్‌లో కోచ్ అంటే జట్టుకు పెద్ద దిక్కు కనుక మనకు ఈ పొరబాటు సహజం. జపాన్ బేస్‌బాల్‌లో జట్టుకు పెద్ద కంతోకు. మైదానంలో ఎవరు ఆడాలి, పిచర్‌ను ఎప్పుడు మార్చాలి, బంట్ చేయాలా వద్దా అన్న ప్రతి నిర్ణయమూ ఆయనదే. క్రికెట్‌లో కెప్టెన్ చేసే పనిలో చాలా భాగం ఇక్కడ ఆయన చేస్తాడు. ఆయన కింద బ్యాటింగ్ కోచ్, పిచింగ్ కోచ్, ఫీల్డింగ్, పరుగుల కోచ్, క్యాచర్లకూ పిచర్లకూ కలిపి చూసే బ్యాటరీ కోచ్, అందరి మీదా హెడ్ కోచ్ ఉంటారు. హెడ్ కోచ్ అన్న పేరు చూసి ఆయనే సర్వాధికారి అనుకోవడం మరో గుంట. ఆయన కంతోకు తరువాతివాడు. నేను ఇప్పుడు కంతోకు అన్న మాటను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట "జట్టును నడిపే పెద్ద" అని విడమరచి చెబుతున్నాను. మేనేజర్ అని రాస్తే మన ఆఫీసు మేనేజరు గుర్తొస్తాడు. కంతోకుతో సహా వీరందరూ ఆటగాళ్లలాగే నంబరున్న యూనిఫాం తొడుక్కుని మైదానం అంచున కూర్చుంటారన్న సంగతి కూడా ఒక మాట చెబితే, సూటు వేసుకుని బాల్కనీలో కూర్చున్న కోచ్ బొమ్మ పాఠకుడి మనసులోంచి పోతుంది.

కోచ్ చేసిన పనిని చూపించడం

ఆటగాడికి పట్టిక ఉంటుంది, కోచ్‌కు ఉండదు. అందుకే చాలా వ్యాసాలలో కోచ్ దశ "ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు పనిచేశారు" అన్న ఒక్క ముక్కతో తెగిపోతుంది. నా అభిప్రాయంలో వ్యాసంలోని సగం బలం ఇక్కడే ఉండాలి. ఒక శిష్యుడిని తీసుకుని, కోచ్ రాక ముందు అతడి అంకెలు, వచ్చాక అంకెలు, మధ్యలో జరిగిన మార్పు, ఈ మూడింటినీ వరుసగా చూపించాలి.

ఓహ్ మొదటి 26 ప్రయత్నాలలో ఒక్క హిట్ కూడా కొట్టలేదు. వచ్చిన తొలి హిట్టే హోమ్ రన్. మొదటి మూడేళ్లలో ఆయన హోమ్ రన్లు వరుసగా 7, 17, 13. నాలుగో ఏడాది, 1962లో, అరకావా జెయింట్స్ బ్యాటింగ్ కోచ్‌గా వచ్చాడు; ఆ ఏడాది హోమ్ రన్లు 38. ఇక్కడే కలం ఆపి ఆలోచించాలి. కోచ్ వచ్చాడు, అంకె పెరిగింది అని పక్కపక్కన పెడితే మంత్రం వేసినట్లు ఉంటుంది గానీ విషయం తెలియదు. మార్పు జరిగిన రోజు ఒకటి ఉంది, 1962 జూలై 1. కవాసాకి స్టేడియంలో తైయో వేల్స్‌తో జరిగిన ఆటలో ఓహ్ మొదటిసారి కుడి కాలు ఎత్తి, ఎడమ కాలి మీద కొంగలా నిలబడి బంతి కోసం ఎదురుచూశాడు, ఆ రోజే హోమ్ రన్ కొట్టాడు. ఆ ఏడాది హోమ్ రన్లలో ఎక్కువ భాగం జూలై నుంచి వచ్చినవే. అంటే ఏడాది లెక్కను నెలల లెక్కగా విడగొట్టినప్పుడే కోచ్ చేసిన పని కంటికి కనిపిస్తుంది.

కాలు ఎందుకు ఎత్తమన్నాడో చెప్పకపోతే అది విడ్డూరంగానే మిగిలిపోతుంది. ఓహ్‌కు బంతి వచ్చేసరికి బరువు ముందుకు తూలిపోయి, బ్యాటు ఆలస్యంగా కదిలేది. ముందు కాలును నేల మీద నుంచి తీసేస్తే ముందుకు తూలడానికి ఆధారమే ఉండదు. బరువంతా వెనక కాలి మీద నిలిపి, సరైన క్షణానికి దించక తప్పదు. ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకోవడానికి అరకావా తాను సాధన చేసిన ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య దగ్గరికి వెళ్లాడు. శరీరపు బరువును నాభి దిగువన నిలపడం ఆ విద్యలో మొదటి పాఠం. ఆ తరువాత పైకప్పు నుంచి కాగితపు ముక్కను వేలాడదీసి, దాన్ని కత్తితో నరకమన్నాడు. వేలాడే కాగితానికి బరువు లేదు, బలంగా విసిరితే గాలికి పక్కకు తప్పుకుంటుంది. అంచు సరిగ్గా, తిన్నగా, వేగంగా వెళ్తే తప్ప తెగదు. అరకావా ఇంట్లో రాత్రిళ్లు జరిగిన ఈ సాధనలో గడ్డిచాపలు, అంటే తతామీలు, పాదాల కింద అరిగిపోయాయని చెబుతారు. ఇలాంటి ఒక్క దృశ్యాన్ని దగ్గరగా చూపిస్తే, "గొప్ప కోచ్" అన్న విశేషణాన్ని వాడవలసిన అవసరమే రాదు.

ఇంకొక సంగతిని కూడా విడిచిపెట్టకూడదు. వీరిద్దరూ 1962లో కలవలేదు. ఓహ్ బడి పిల్లవాడిగా తోక్యోలోని సుమిదా పార్కులో ఆడుతుండగా, అప్పుడు ఓరియన్స్ ఆటగాడైన అరకావా చూసి, ఎడమ చేత్తో విసిరే పిల్లవాడివి కుడి వైపు నిలబడి ఎందుకు కొడుతున్నావని అడిగి, ఎడమ వైపు నిలబడమన్నాడు. తాను చదివిన వసెదా జిత్సుగ్యో బడిలో చేరే దారి కూడా ఆయనే చూపాడు. ఆ బడి 1957 వసంతంలో కోషియెన్ మైదానంలో జరిగే జాతీయ హైస్కూళ్ల పోటీ గెలిచినప్పుడు ఓహ్ దాని పిచర్. కోచ్ అన్న పదవి రాక ముందే కోచింగ్ మొదలై ఉండవచ్చునని గుర్తు పెట్టుకుని, ఆటగాడి దశలోనే అలాంటి ఆనవాళ్లను వెతకాలి. అలాగే ఒక్క శిష్యుడితో తృప్తి పడకూడదు. అరకావా ఓరియన్స్‌లో ఉండగా సలహాలిచ్చిన ఎనొమోతో కిహాచి 2,314 హిట్లతో ఆట ముగించాడు. ఆయన కాలు ఎత్తిన బ్యాటర్ కాదు. కోచ్ ఇద్దరికీ ఒకే అచ్చు పోయలేదని ఈ రెండు ఉదాహరణలూ కలిసి చెబుతాయి.

రెండో జట్టులో ఏం జరిగిందో

ప్రతి సంస్థకూ ఇచిగున్ అనే మొదటి జట్టు, నిగున్ అనే రెండో జట్టు ఉంటాయి. టీవీలో కనిపించేది మొదటిది, నేర్చుకునేది రెండోది. కోచ్ అయినవారిలో చాలామంది ఏళ్ల తరబడి నిగున్‌లోనే పనిచేస్తారు. జీవితం రాసేవాడు "నిగున్ బ్యాటింగ్ కోచ్" అన్న పంక్తిని చిన్న పదవిగా చూసి దాటేయకూడదు. ఇచిరో అనే బ్యాటర్ లోలకంలా కాలు ఊపి కొట్టే పద్ధతిని ఓరిక్స్ జట్టు నిగున్‌లో కవమురా కెనిచిరో అనే కోచ్‌తో కలిసి మలుచుకున్నాడు. 1994లో ఓగి అకిరా కంతోకుగా, 2,038 హిట్లు కొట్టి విరమించిన అరాయి హిరొమాసా బ్యాటింగ్ కోచ్‌గా వచ్చాక, ఆ కుర్రవాడు మొదటి జట్టులో నిలిచి ఒకే సీజన్‌లో 210 హిట్లు కొట్టాడు. ఇంటిపేరు వదిలి ఇచిరో అన్న పేరుతోనే నమోదు కావాలన్న ఆలోచన కూడా అరాయిదే. ఒక విజయంలో ఇద్దరు కోచ్‌ల చేయి, ఒక కంతోకు ధైర్యం ఉన్నప్పుడు, మనం రాస్తున్న మనిషికే మొత్తం కట్టబెట్టాలన్న కోరికను అదుపులో పెట్టుకోవాలి.

కంతోకు అయ్యాక

కోచ్ పైకి ఎదిగి కంతోకు అయితే మళ్లీ పట్టిక దొరుకుతుంది: జట్టు స్థానం, గెలుపులు, ఓటములు. జపాన్‌లోని రెండు లీగులలో ఒక్కొక్కదానిలో ఆరు జట్లు కనుక, పై మూడింటిలో ఉంటే మంచి ఏడాది. అరకావా 1974లో యాకుల్ట్ స్వాలోస్ కంతోకు అయి మొదటి ఏడాది మూడో స్థానం తెచ్చాడు. 1976లో సీజన్ మధ్యలోనే తప్పుకున్నాడు. ఆయన స్థానంలోకి వచ్చిన హిరొఒకా తత్సురో 1978లో రెండు లీగుల విజేతలు తలపడే జపాన్ సిరీస్ గెలిపించాడు. దీనిని అరకావా వైఫల్యమని ఒక్క మాటలో తేల్చడం నాకు ఇష్టం లేదు. ఒక్క బ్యాటర్ నడుమును సరిదిద్దే నేర్పు వేరు, పదుల కొద్దీ ఆటగాళ్లను ఏడాది పొడవునా నెట్టుకు రావడం వేరు, ఆ తేడాను వ్యాసం దాచకూడదు.

శిష్యుడి కంతోకు జీవితం కూడా సాఫీగా సాగలేదు. ఓహ్ 1984 నుంచి 1988 వరకు జెయింట్స్‌ను నడిపి ఒక్కసారి, 1987లో, లీగు గెలిచాడు. తరువాత ఫుకుఒకా దైయేయ్ హాక్స్‌కు 1995లో వెళ్తే, మరుసటి ఏడాది ఓటములతో విసిగిన అభిమానులు జట్టు బస్సు మీద పచ్చి గుడ్లు విసిరారు. అదే జట్టు 1999లో జపాన్ సిరీస్ గెలిచింది. 2006లో తొలి ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్‌ను జపాన్ గెలిచినప్పుడు ఆ జట్టు కంతోకు కూడా ఆయనే. గుడ్ల సంగతి రాయకుండా కప్పు సంగతి మాత్రమే రాస్తే అది అభినందన పత్రం అవుతుంది. నొమురా కత్సుయా అనే మరో కంతోకు విషయంలోనూ ఇంతే: యాకుల్ట్‌కు 1993, 1995, 1997లలో జపాన్ సిరీస్ గెలిపించిన మనిషే, హన్‌షిన్‌ను 1999 నుంచి మూడేళ్లూ చివరి స్థానంలో ఉంచాడు. రెండూ రాయాలి, పక్కపక్కనే రాయాలి.

వ్యాసం పూర్తయ్యాక నేను చేసే పని ఒకటుంది. ప్రతి జపనీస్ పేరునూ అంకెనూ విడి కాగితం మీదికి ఎత్తి, మూల పట్టికతో మరోసారి సరిపోల్చి, ఆ తరువాత తెలుగు రాని ఎవరైనా జపాన్ మిత్రుడికి కథనంతా నోటితో చెబుతాను. మా ఇంజనీరు గారు ఇప్పటికీ నాకు ఆ సాయం చేస్తున్నారు. కంతోకు అన్న చోట నేను కోచ్ అంటే ఆయన చేతిలోని కప్పు కిందకు దిగుతుంది, అదే నాకు గుర్తు. ఇంకా పనిలో ఉన్న కోచ్ గురించి రాసినట్లయితే, ఏటా అక్టోబరు, నవంబరు నెలలలో ఆ వ్యాసాన్ని మళ్లీ తెరవవలసి ఉంటుంది. కోచ్‌ల ఒప్పందాలు సాధారణంగా ఏడాదికే కనుక కొత్త కంతోకు వస్తే కోచ్‌లు మారిపోతారు. జపాన్ క్రీడా పత్రికలు ఆ కూర్పును మంత్రివర్గ ఏర్పాటుకు వాడే "సొకకు" అన్న మాటతోనే రాస్తాయి. ఆ వార్తలలో మన మనిషి పేరు పక్కన పదవి మారిందా, నంబరు మారిందా, ఇచిగున్ కాస్తా నిగున్ అయిందా అన్నవి చూసుకుని, తేదీతో సహా దిద్దుకోవాలి.